దసరా రాత్రి పదహారు మందికి భోజనం: బుధవారమే ఏమేం చేసిపెట్టుకోవచ్చు? (ఇంట్లో కలశం ఉంది)

అల్వాల్ కోడలు
ఆదివారం, సెప్టెంబరు 28, 2025, ఉదయం 10:40

అందరికీ నమస్తే. గురువారం దసరా. జమ్మికి వెళ్ళొచ్చాక రాత్రి భోజనాలు మా ఇంట్లోనే, పెద్దాచిన్నా కలిపి పదహారు మంది. అత్తగారివాళ్ళది జగిత్యాల వైపు. మా పుట్టింటివాళ్ళు గుడివాడ నుంచి బుధవారం రాత్రి బస్సెక్కి వస్తున్నారు.

చిక్కేంటంటే, ఈసారి దసరా సరిగ్గా గాంధీ జయంతి రోజున పడింది. అక్టోబరు 2న మాంసం దుకాణాలన్నీ మూసెయ్యాలని హైదరాబాద్ కార్పొరేషన్ జీహెచ్‌ఎంసీ ఆర్డరు. అంటే మటన్ ముందురోజే తెచ్చుకోవాలి. అత్తయ్యేమో నవరాత్రులకు కలశం పెట్టారు. గురువారం పొద్దున ఉద్వాసన చెప్పేదాకా నీచు గుమ్మం దాటకూడదు. మామయ్య మాత్రం మటన్ లేకపోతే అది దసరానే కాదంటున్నారు. ఇద్దరికీ సర్దిచెప్పాల్సింది నేను.

బుధవారం నాకు ఆఫీసుంది, ఇంటి నుంచే పని, ఆరింటికి గానీ తెమలను. ఫ్రిజ్ డబుల్ డోరే గానీ పెద్దది కాదు. రెండు పొయ్యిల గ్యాసు, ఒక ఇండక్షన్. పనమ్మాయి రెండ్రోజులూ రాదు, ఆమెకు మాత్రం పండగ కాదా.

అనుకుంటున్నవి: బగారా అన్నం, మటన్, గారెలు, బగారా బైంగన్, పెరుగు చట్నీ, ఏదో ఒక తీపి. మధ్యాహ్నం నైవేద్యానికి పులిహోర, బక్ష్యాలు అత్తయ్యే చూసుకుంటారు. వీటిలో ఏవి ముందురోజు చేసిపెట్టొచ్చు, వేటి జోలికి పోకూడదు?

---

మంగళ్‌హాట్ మామ
ఆదివారం, ఉదయం 11:05

మటన్ సంగతి నేను చెప్తా బిడ్డా. బుధవారం సాయంత్రం పోయినవంటే లైన్ల నిలబడి కాళ్ళు గుంజుతయి. ఊరంతా అదే రోజు కొనాలె కద. రేపో ఎల్లుండో మీ దుకాణపాయనకు చెప్పి ఇంత అడ్వాన్సు ఇచ్చి పెట్టు, బుధవారం పొద్దుగాల తెచ్చుకో. జియాగూడ మండికి పొమ్మని ఎవరన్న సలహా ఇస్తే ఇనకు. అల్వాల్ నుంచి గంత దూరం ఎందుకు? మొన్ననే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండు లోపటికి నీళ్ళొచ్చినయి, ఆ దిక్కు జనం ఇంకా సర్దుకుంటనే ఉన్నరు.

పదహారు మందికి మూడున్నర కిలోలు సరిపోతది. రాన్ (తొడ) ఒక్కటే అడగకు. అది కండ, కూర పొడిపొడి ఐతది. సగం రాన్, సగం సీనా (రొమ్ము), మీదికెల్లి నాలుగు నల్లి బొక్కలు ఏయించుకో. ముక్క జర పెద్దగ కొట్టియ్యమను. రెండుసార్లు వేడిచేసే కూరల చిన్న ముక్క నారనార ఐపోతది.

ఇంక మీ అత్త మాటకు అడ్డం పోకు. కలశమున్న ఇంట్ల నీచు పెట్టుడు మా ఇంట్ల కూడ ఉండదు. పక్కింట్లనో కిందింట్లనో పెట్టు.

---

ఫ్రిజ్ పోలీస్
ఆదివారం, మధ్యాహ్నం 12:30

నేను ఆహార పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. నా పేరు చూసి నవ్వుకోండి, పర్లేదు, కానీ ఇది చదవండి.

పచ్చి మటన్‌కి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే వచ్చే నష్టం లేదు, లాభమే. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, చల్లగా ఒక రోజు ఉంచితే మళ్ళీ సడలుతుంది. పొద్దున కోసి మధ్యాహ్నానికే పొయ్యెక్కించిన మటన్ ఎన్ని విజిల్స్‌కీ ఉడకలేదని గొణుక్కునేవాళ్ళు ఎందరో. కాబట్టి ఈ బంద్ వల్ల మీ కూర బాగుపడుతుందే గానీ చెడదు. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీల కంటే తక్కువ ఉండాలి, అంతే. అడుగు అరలో, మూత ఉన్న గిన్నెలో పెట్టండి, రక్తం కింద కూరగాయల మీద కారకూడదు.

ఉప్పు, పసుపు, అల్లంవెల్లుల్లి, పెరుగు రాత్రే పట్టించొచ్చు. పచ్చి బొప్పాయి మాత్రం రాత్రి వద్దు. అందులోని పపైన్ అనే ఎంజైము మాంసాన్ని విరగ్గొడుతూనే ఉంటుంది, తెల్లారేసరికి ముక్క పైపైన పిండిపిండి అవుతుంది. వెయ్యాలనుకుంటే వండే ముందు రెండు గంటలు చాలు.

ఇక అన్నం. దయచేసి బగారా అన్నం బుధవారం వండకండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అని ఒక సూక్ష్మజీవి విత్తులు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి గిన్నెలో ఉంటే అవి మొలిచి విషం తయారు చేస్తాయి. ఆ విషాన్ని తర్వాత ఎంత వేడిచేసినా పోగొట్టలేం. పెళ్ళిళ్ళ తర్వాత వాంతులంటే అందరూ మాంసాన్నే తిడతారు, చాలాసార్లు అసలు దోషి అన్నం.

---

కృష్ణాజిల్లా పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 2:15

గుడివాడ వాళ్ళొస్తున్నారంటే గారెల దగ్గర పరువు పోకూడదమ్మాయ్, వాళ్ళ నోళ్ళు నాకు తెలుసు. పిండి బుధవారం రాత్రే రుబ్బేసుకో, నిక్షేపంగా ఉంటుంది. రాత్రంతా నానబెట్టి పొద్దున రుబ్బుదామని మాత్రం అనుకోకు. మినప్పప్పు మూడు నాలుగు గంటలకు మించి నానితే నూనె లాగుతుంది. బుధవారం మూడింటికి నానేసుకుంటే నీ ఆఫీసు అయ్యేసరికి పప్పు సిద్ధంగా ఉంటుంది. నీళ్ళన్నీ వంపేసి, గ్రైండర్‌లో చెంచాతో చల్లటి నీళ్ళు చిలకరిస్తూ రుబ్బు. మిక్సీలో అయితే పిండి వేడెక్కుతుంది, నీళ్ళూ ఎక్కువ పట్టాల్సొస్తుంది. చిటికెడు పిండి నీళ్ళగిన్నెలో వేస్తే తేలాలి, అదే గుర్తు.

ఉప్పు రాత్రి వెయ్యకు! ఉప్పు పడితే నీరు వదిలేసి పలచనవుతుంది. అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కరివేపాకు, ఉప్పు అన్నీ గురువారం సాయంత్రం, నూనె కాగేటప్పుడు. స్టీలు డబ్బాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. బయటికి తీశాక అరగంట ఉంచి చేత్తో బాగా గిలకొట్టు, లోపలికి గాలి పోవాలి. కిలో పప్పుకు ఎనభైకి అటూఇటూ వస్తాయి.

---

వరంగల్ పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 2:50

పిన్నీ, జగిత్యాల వాళ్ళకు మినప గారెలంటే అంత పిచ్చి ఉండదు. బబ్బెర గారెలు చెయ్యమను అక్కను. దసరాకు మా దిక్కు మటన్ల అవే. పైగా బబ్బెర్లకు ఈ నీళ్ళు, గాలి, తేలుడు, మునుగుడు గోలేం ఉండదు. రాత్రి నానేసి పొద్దున బరకగ రుబ్బితే ఐపాయె.

---

కృష్ణాజిల్లా పిన్ని
ఆదివారం, మధ్యాహ్నం 3:02

అలసంద వడలా? మంచివే. కానీ మటన్ పులుసులో మినప గారె నానితే ఆ రుచి వేరమ్మా. వియ్యంకులొచ్చిన రోజున వడలు పెడతారా ఎవరన్నా!

---

వరంగల్ పిల్ల
ఆదివారం, మధ్యాహ్నం 3:04

పెడతరు పిన్నీ, మేం పెడతం 😄 అక్కా, రెండూ సగం సగం చెయ్యి. లొల్లి ఉండదు.

---

డాలస్ బావ
ఆదివారం, రాత్రి 9:40

ఇక్కడ మేం అన్నీ వారం ముందే చేసి డీప్ ఫ్రీజర్‌లో పడేస్తాం, ఆ రోజు ఓవెన్‌లో పెట్టడమే. గారెలు కూడా ఫ్రీజ్ చెయ్యొచ్చు. ఎందుకంత టెన్షన్?

---

మంగళ్‌హాట్ మామ
ఆదివారం, రాత్రి 9:52

నీ ఫ్రీజర్ల మా ఇల్లు పడతది బావా. గ గారెలు తిన్నంక నీకు మళ్ళ ఇండియా గుర్తుకొస్తదా రాదా?

---

టోలిచౌకి భాయ్
సోమవారం, సెప్టెంబరు 29, ఉదయం 8:20

అక్కా సలాం. బగారా బైంగన్, తీపి రెండూ నాకు వదిలెయ్యండి, రెండూ ముందురోజు వంటలే.

బైంగన్ అయితే ముందురోజు చేస్తేనే అసలు రుచి. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి విడివిడిగా వేయించాలి. కలిపి వేయిస్తే నువ్వులు మాడిపోతాయి, పల్లీలు పచ్చిగా ఉంటాయి. వేయించిన ఉల్లిపాయ, ధనియాలు, జీలకర్ర కలిపి మెత్తగా నూరుకోండి. చిన్న గుత్తి వంకాయలు తొడిమతోనే, గాటు పెట్టి ఉప్పునీళ్ళలో వేసి, తుడిచి, నూనెలో తోలు ముడత పడేదాకా వేపి పక్కన పెట్టండి. అదే నూనెలో మసాలా వేసి, చింతపండు పులుసు పోసి, సన్న మంట మీద నూనె పైకి తేలేదాకా ఉంచండి. ఇక్కడ తొందరపడితే నువ్వుల పచ్చివాసన పోదు. ఆఖరున వంకాయలు వేసి పది నిమిషాలు. రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే పులుసు కాయ లోపలికి దిగుతుంది. మరునాడు వేడిచేసేటప్పుడు చిక్కబడి ఉంటుంది, అరగ్లాసు వేడినీళ్ళు పోసుకోండి, చన్నీళ్ళు కాదు. ఇదే మసాలా కొంచెం ఎక్కువ నూరుకుంటే మిర్చీకా సాలన్ కూడా అయిపోతుంది. బగారా అన్నంలోకి శాకాహారులకు వేరే ఏం వెతుక్కోనక్కర్లేదు.

తీపికి ఖుబానీకా మీఠా, అంటే ఎండు ఆప్రికాట్ల తీపి. బుధవారం రాత్రి మీరు పెట్టాల్సిన శ్రమ ఏంటో తెలుసా? అరకిలో ఎండు ఖుబానీ కడిగి, మునిగేన్ని నీళ్ళు పోసి, మూతపెట్టి పడుకోవడమే. పొద్దున చేత్తో విత్తనాలు తీసేసి, ఆ నానిన నీళ్ళలోనే ఉడికించండి. పారబొయ్యకండి, రంగూ వాసనా అందులోనే ఉన్నాయి. మెత్తబడ్డాకే చక్కెర. ముందే వేస్తే పండు గట్టిపడిపోతుంది. విత్తనాలు పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు వస్తుంది, పైన చల్లుకోడానికి. ఒకటి కొరికి చూడండి, చేదుంటే మాత్రం వెయ్యొద్దు, చేదు పప్పు ఒంటికి మంచిది కాదు. ఖుబానీ బేగంబజార్‌లో తీసుకోండి, గింజ ఉన్నవే అడగండి. గింజ తీసేసి అమ్మేవి కూడా ఉంటాయి, అవి పుల్లగా ఉంటాయి, వీటికి పనికిరావు.

---

అల్వాల్ కోడలు
సోమవారం, మధ్యాహ్నం 1:10

భాయ్, చదువుతుంటేనే నోరూరింది. డబుల్ కా మీఠా అనుకున్నా, మానేసి ఇదే చేస్తా.

మటన్‌కి దారి దొరికింది. కిందింటి ఆంటీ వాళ్ళు క్రిస్టియన్లు, వాళ్ళ ఫ్రిజ్ ఖాళీగానే ఉంటుంది. అడిగితే "నీ మటన్‌కి నా కింది అర రాసిచ్చేస్తున్నా" అన్నారు. క్రిస్మస్ ముందురోజు వాళ్ళ కేకుల కోసం మా ఫ్రిజ్‌లో సగం ఖాళీ చేసివ్వాలట, అదీ ఒప్పందం. అత్తయ్య కూడా సరేనన్నారు, "ఆ గిన్నెలు మాత్రం పైకి తేకు" అని ఒక్క షరతు.

ఇప్పుడు ప్రశ్న: మటన్ ఆంటీ వాళ్ళింట్లోనే బుధవారం రాత్రి పూర్తిగా వండేసి పెట్టుకోనా? లేక మసాలా పట్టించి గురువారం వండుకోనా?

---

కృష్ణాజిల్లా పిన్ని
సోమవారం, మధ్యాహ్నం 1:35

వండెయ్. కూర మర్నాటికే రుచి.

---

మంగళ్‌హాట్ మామ
సోమవారం, మధ్యాహ్నం 1:50

వద్దు. పండుగ నాడు ఇంట్ల మటన్ వాసన రావాలె. పోపు ఏసినప్పుడు ఘుమఘుమలాడకపోతే మీ మామ ఊకుంటడా? పట్టిచ్చి పెట్టు, గురువారం నాలుగింటికి పొయ్యెక్కియ్యి.

---

ఫ్రిజ్ పోలీస్
సోమవారం, సాయంత్రం 4:05

రెండూ సురక్షితమే, చల్లార్చడం ఒక్కటే సమస్య. మూడున్నర కిలోల కూర పెద్ద గిన్నెలో అలాగే మూతపెట్టి వదిలేస్తే నడిమధ్య అర్ధరాత్రి దాటినా వెచ్చగానే ఉంటుంది. 60 నుంచి 5 డిగ్రీల లోపు ఎంతసేపు గడిపితే అంత ప్రమాదం. వేడి గిన్నె తీసుకెళ్ళి నేరుగా ఫ్రిజ్‌లో పెడితే ఆంటీ గారి పాలు, పెరుగు కూడా వెచ్చబడతాయి. బుధవారం వండితే ఇలా చెయ్యండి: నాలుగైదు వెడల్పాటి స్టీలు పళ్ళేల్లోకి సర్ది, అడుగున చన్నీళ్ళ బేసిన్ పెట్టి, ఫ్యాన్ కింద ఆరబెట్టి, రెండు గంటల్లోపు లోపలికి తోసెయ్యండి. పొద్దున జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది, భయపడకండి, అది బొక్కల్లోంచి వచ్చిన జిగురు. పైన తేలిన తెల్ల కొవ్వు చెంచాతో తీసెయ్యొచ్చు కూడా.

ఆరింటికి ఆఫీసు అయ్యే మనిషికి ఇదంతా అనవసరపు చాకిరీ అని నా అభిప్రాయం. మామ చెప్పినట్టు పట్టించి పెట్టుకోండి. గురువారం మీరు జమ్మికి బయల్దేరేలోపు వండి దించి, వచ్చాక మళ్ళీ కుతకుత ఉడికించి వడ్డించండి.

---

నాగోల్ నానమ్మ
సోమవారం, సాయంత్రం 6:30

నేనో మాట అడుగుతాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. ఇంట్లో పదహారు మంది తినేవాళ్ళున్నారు, వండే మనిషి ఒక్కతేనా? మీ ఆయన ఎక్కడమ్మా? ఉల్లిపాయలు తరగడం మగవాళ్ళ చేత కాదని ఏ శాస్త్రంలో రాశారు?

---

అల్వాల్ కోడలు
సోమవారం, రాత్రి 7:15

ఉన్నారు నానమ్మా 😂 మీ పోస్టు చూపించాను. రెండు కిలోల ఉల్లిపాయలు, గ్రైండరు ఆయన ఖాతాలోకి వెళ్ళాయి.

---

నాగోల్ నానమ్మ
సోమవారం, రాత్రి 7:40

అయితే ఉల్లిపాయలు మంగళవారం రాత్రే వేయించి పెట్టెయ్యమను. మంగళవారం సద్దుల బతుకమ్మ, నువ్వు ఎలాగూ బతుకమ్మ ఆడుకోడానికి వెళ్తావు, ఆయన ఇంట్లో ఖాళీ. సన్నగా తరిగి, కాస్త ఉప్పు చల్లి పిండి, నూనెలో వేయించి, కాగితం మీద ఆరబోసి డబ్బాకెత్తితే నాలుగు రోజులైనా కరకరలాడుతూ ఉంటాయి. పూర్తిగా ఎరుపెక్కేదాకా నూనెలో ఉంచకూడదు, బంగారు రంగు రాగానే తీసెయ్యాలి, బయటికి తీశాక కూడా రంగు మారుతూనే ఉంటాయి. బగారాకీ, మటన్‌కీ, బైంగన్ మసాలాకీ అన్నిటికీ అవే. ముప్పావు వంట అక్కడే అయిపోయినట్టు.

---

ఎల్బీనగర్ ఎలుక
సోమవారం, రాత్రి 8:55

ఇంత కష్టం దేనికండీ, ఏదైనా హోటల్లో బకెట్ బిర్యానీ ఆర్డరిస్తే పోలా?

---

మంగళ్‌హాట్ మామ
సోమవారం, రాత్రి 9:03

గురువారం మాంసం బందు. ముందుగాల తెచ్చి పెట్టుకున్న హోటలోళ్ళ దగ్గర జనం ఎగబడతరు. పోయినేడు మా చిన్నోడు ఓ హోటల్ల ఆర్డర్ ఇస్తే రాత్రి పదకొండింటికి తెచ్చిండ్రు, అప్పటికి పిల్లలు పెరుగన్నం తిని పండుకున్నరు. పోయినేడు బందు కూడ లేదు, ఉత్త రష్షే. మందు దుకాణాలు కూడ గురువారం బందే, అది ఎవ్వలూ అడుగుతలేరు, అందరు సర్దుకున్నట్టున్నరు.

---

కూకట్‌పల్లి 4వ ఫేజ్
సోమవారం, రాత్రి 10:20

గాంధీ జయంతి నాడు మాంసం అమ్మొద్దన్నాక తినడం మాత్రం ఎలా సబబు? అసలు ఈ నిషేధం పెట్టడమే...

*(మోడరేటర్: ఈ చర్చ వంట గురించి. నిషేధం మంచీచెడూ మాట్లాడుకోడానికి రాజకీయాల విభాగం ఉంది. దీని కింద వచ్చిన పద్నాలుగు జవాబులు అక్కడికి మార్చాం.)*

---

వరంగల్ పిల్ల
మంగళవారం, సెప్టెంబరు 30, ఉదయం 7:30

అందరికీ సద్దుల బతుకమ్మ శుభాకాంక్షలు. అక్కా, పెరుగు మర్చిపోయినట్టున్నరు. పదహారు మందికి పెరుగు చట్నీకి, ఆఖర్ల పెరుగన్నానికి కలిపి మూడు లీటర్ల పాలు తోడేసుకోవాలె. బుధవారం రాత్రి పడుకునేముందు గోరువెచ్చగ తోడెయ్యి. పొద్దున గట్టిగ తోడుకోంగనే ఫ్రిజ్‌ల పెట్టు, లేకుంటే రాత్రికి పులుస్తది. ఉల్లిగడ్డ, కొత్తిమీర తినేముందే కలపాలె, ముందే కలిపితే నీళ్ళొస్తది.

కూరగాయలు రైతుబజార్ల ఈరోజే తెచ్చుకో. రేపు బంతిపూలు, మామిడాకులు, గుమ్మడికాయ కొనేటోళ్ళతోని అడుగు పెట్ట సందుండదు.

---

అల్వాల్ కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 12:15

అందరూ చెప్పింది కలిపి ఇలా అనుకుంటున్నా, చూసి చెప్పండి.

ఈరోజు రాత్రి ఉల్లిపాయలు (ఆయన). బుధవారం పొద్దున మామయ్య వెళ్ళి మటన్ తెచ్చి నేరుగా కిందింటికి. నేను లాగిన్ అయ్యేలోపు కిందికెళ్ళి కడిగి, పసుపు, ఉప్పు, పెరుగు, అల్లంవెల్లుల్లి పట్టించేస్తా. మూడింటికి టీ బ్రేకులో మినప్పప్పు నానేస్తా. ఆరున్నరకి గ్రైండరు (మళ్ళీ ఆయన), అది తిరుగుతుండగా నేను బైంగన్ మసాలా. తొమ్మిదింటికి బైంగన్ చల్లారి ఫ్రిజ్‌లోకి. ఖుబానీ నానేసి, పెరుగు తోడేసి పడక.

గురువారం ఉద్వాసన అయ్యాక ఖుబానీ ఉడికించడం. మధ్యాహ్నం నైవేద్యం, భోజనాలు. నాలుగింటికి మటన్. జమ్మి నుంచి వచ్చి ఒక పొయ్యి మీద బగారా, రెండోదాని మీద గారెలు, ఇండక్షన్ మీద కూర, బైంగన్ ఒకదాని తర్వాత ఒకటి వేడి.

అనుమానం గారెల దగ్గరే. పదహారు మంది ఆకలితో కూర్చుంటే ఒక్కో వాయి ఎప్పటికి అయ్యేను?

---

కృష్ణాజిల్లా పిన్ని
మంగళవారం, మధ్యాహ్నం 12:50

దానికో కిటుకుంది. జమ్మికి వెళ్ళేముందే అన్నీ వేసెయ్, కానీ సగం వేపే. తెల్లగా, పైన పొర గట్టిపడగానే తీసి, జల్లెడ మీద విడివిడిగా ఆరబెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు. రాత్రి వడ్డించేముందు నూనె బాగా కాగబెట్టి మళ్ళీ వేస్తే ఒక్కో వాయి నిమిషంన్నర. పైన కరకర, లోపల మెత్తన. మా ఊళ్ళో పెళ్ళి వంటవాళ్ళు చేసేదిదే.

---

ఫ్రిజ్ పోలీస్
మంగళవారం, మధ్యాహ్నం 1:20

ప్లాను బాగుంది. బగారాకి రెండు కిలోల బియ్యం చాలు, గారెలున్నాయి కాబట్టి అన్నం తగ్గుతుంది. సాయంత్రం బయల్దేరేముందు బియ్యం కడిగి నానబెట్టకండి, రెండు మూడు గంటలు నానితే బాస్మతి విరిగిపోతుంది. వచ్చాక నానబెట్టి, గారెలు మొదలుపెట్టండి, అరగంట చాలు. నానిన బాస్మతికి గ్లాసుకి గ్లాసున్నర నీళ్ళు.

గ్యాసు సిలిండరు ఎంతుందో ఈరోజే చూసుకోండి.

---

అల్వాల్ కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 1:45

చూశా, తేలిగ్గా ఊగుతోంది! స్పేర్ సిలిండరు నిండుగానే ఉంది, ఈ రాత్రే మార్చేస్తాం.

---

టోలిచౌకి భాయ్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఖుబానీ మీద వెయ్యడానికి మీగడ బుధ, గురువారాల పాల మీదది తీసిపెట్టుకోండి అక్కా, కొనక్కర్లేదు. వేడి ఖుబానీ మీద వెయ్యొద్దు, కరిగిపోతుంది. ఖుబానీ చల్లగా ఉండాలి, మీగడా చల్లగా ఉండాలి.

---

అల్వాల్ కోడలు
బుధవారం, అక్టోబరు 1, రాత్రి 9:50

అర్జెంటు! మటన్ కిందింట్లో భద్రం. బైంగన్ అద్భుతంగా వచ్చింది, అత్తయ్య వేలితో తీసి రుచి చూసి ఏమీ అనలేదు, అంటే బాగున్నట్టే. కానీ గారెల పిండిలో మా ఆయన నీళ్ళు ధారాళంగా పోసేశారు. తేలుతోంది గానీ అరచేతిలో నిలవట్లేదు, జారుతోంది. బియ్యప్పిండి కలపనా?

---

నాగోల్ నానమ్మ
బుధవారం, రాత్రి 9:58

పోనీలే, గ్రైండరు దగ్గర నిలబడ్డాడు కదా.

---

కృష్ణాజిల్లా పిన్ని
బుధవారం, రాత్రి 10:04

బియ్యప్పిండి వద్దమ్మాయ్, రాళ్ళవుతాయి. ఇప్పుడేం కలపకు. పలుచటి గుడ్డ నాలుగు మడతలు వేసి పిండి మీద పరిచి, పైన మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. నీటిలో కొంత గుడ్డ పీలుస్తుంది, చల్లదనానికి పిండి బిగుస్తుంది. రేపు మధ్యాహ్నం చూసుకో. అప్పటికీ జారుతుంటే రెండు మూడు చెంచాల బొంబాయి రవ్వ వేసి ఇరవై నిమిషాలు ఉంచు. అదీ కుదరకపోతే చిల్లు మానేసి చేత్తో బొండాల్లా జారవిడిచెయ్, పులుసులో వేశాక ఎవడికీ తెలీదు.

---

వరంగల్ పిల్ల
బుధవారం, రాత్రి 10:11

లేకుంటే ఇప్పుడే ఒక గిన్నెడు బబ్బెర్లు నానెయ్యి అక్కా. రేపటికి తయారుగ ఉంటయి.

---

అల్వాల్ కోడలు
బుధవారం, రాత్రి 10:40

గుడ్డ పరిచాను. బబ్బెర్లు కూడా నానేశాను, అత్తయ్య వైపు వాళ్ళకు అవీ ఉంటాయి. ఖుబానీ నీళ్ళలో ఉంది, పెరుగు తోడేశా. మిగిలినవాటి సంగతి కూడా ఇప్పుడే చెప్పేయండి, రేపు ఫోను ముట్టుకునే తీరిక ఉండదు.

---

ఫ్రిజ్ పోలీస్
బుధవారం, రాత్రి 10:52

మిగిలిన మటన్ పడుకునేలోపు చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, కలశం తీసేశాక మీ ఫ్రిజ్‌లోనే పెట్టుకోవచ్చు కదా. శని, ఆదివారాల్లోపు తినెయ్యండి. తినేంత మాత్రమే తీసి వేడిచెయ్యండి, గిన్నె మొత్తం పదేపదే కాదు. బగారా అన్నం మిగిలితే వెంటనే ఫ్రిజ్‌లోకి, శుక్రవారం పొద్దున పొగలొచ్చేలా వేడిచేసి టిఫిన్ కింద కానిచ్చెయ్యండి.

---

కృష్ణాజిల్లా పిన్ని
బుధవారం, రాత్రి 11:00

గారెలు మిగిలితే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పిండి, పోపు పెట్టిన పెరుగులో వేసుకోండి. శుక్రవారం నీచు ముట్టనివాళ్ళకి అవే ఆవడలు.